కరువు పనికి పోయేవాళ్ళు పనిలో ఉన్నట్టా, లేనట్టా?

మొన్న కనుమ రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, అరుగు మీద కూర్చుని మా బావా నేనూ మాటామాటా అనుకున్నాం. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు మెట్ట ఊరు. బావకు ఎనిమిదెకరాలుంది. కొంత పొగాకు వేస్తాడు, కొంత కంది. ఆ పూట పొగాకు కొట్టడానికి కూలీలు రాలేదు. పండగ పూట ఎవరొస్తారని నేనంటే, పండగ కాకపోయినా రారన్నాడు. అక్కణ్ణుంచి కోపం ఉపాధి పనుల మీదికి మళ్ళింది.

"ఎండాకాలం మూణ్ణెల్లు చెట్టు కింద కూర్చోబెట్టి డబ్బులిస్తే, మిగతా తొమ్మిది నెలలు వొళ్ళొంగుద్దా? అమెరికాలో రూజ్వెల్ట్ పదేళ్ళు ఇట్టాంటి పనులే పెట్టించాడంట. మాంద్యం పోయిందా? పోలా. యుద్ధమొచ్చాక పోయింది. యూట్యూబులో ఒకాయన లెక్కలతో సహా చూపించాడు" అన్నాడు.

నా ఉద్యోగం ఆడిట్. లెక్కలతో సహా అని ఎవరైనా అంటే, ఆ లెక్క ఎవరు వేశారో, ఏ పద్దు ఎక్కడ రాశారో చూడందే నాకు నిద్ర పట్టదు. హైదరాబాదు తిరిగొచ్చాక నెల రోజులు రాత్రిళ్ళు ఇదే పని పెట్టుకున్నాను. బావ అన్నవాటిలో తప్పనుకున్నవి కొన్ని ఒప్పులేనని తేలాయి. అరుగు మీద నేను గొంతు పెంచి వాదించినవి రెండు మూడు నిలవలేదు. అయినా అసలు విషయంలో నా మాట మీదే ఉన్నాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను. బావ ఇది చదవడు, ఫోన్లో చెబితే వింటాడు.

పార పట్టుకున్న మనిషిది ఏ గడి?

ముందు యూట్యూబాయన లెక్క. 1929లో మొదలైన అమెరికా మహా మాంద్యం గురించి అది. రూజ్వెల్ట్ 1933లో గద్దెనెక్కిన అధ్యక్షుడు. అమెరికాలో నిరుద్యోగం 1933లో 25 శాతం దగ్గర ఉంది. 1937కి 14కి దిగింది, 1938లో మళ్ళీ 19కి ఎక్కింది, 1940లో కూడా 14 పైనే ఉంది. యుద్ధం మధ్యలో, 1943కి, 2 శాతం లోపుకు పడిపోయింది. పట్టిక అబద్ధం కాదు. అది చూసినవాడెవడైనా బావలాగే అంటాడు.

అయితే ఈ అంకెలు తయారుచేసిన స్టాన్లీ లెబర్గాట్ అనే ఆర్థికవేత్త ఒక నియమం పెట్టుకున్నాడు. ప్రభుత్వం పెట్టిన అత్యవసర పనుల్లో ఉన్నవాళ్ళను నిరుద్యోగులుగానే లెక్కేశాడు. రోడ్డు వేస్తున్నవాడు, బడి కడుతున్నవాడు, అడవిలో మొక్కలు నాటుతున్న కుర్రాడు, వీళ్ళంతా ఆ పట్టికలో పని లేనివాళ్ళే. 1976లో మైకేల్ డార్బీ అనే ఇంకో ఆర్థికవేత్త, పని చేసి కూలి తీసుకుంటున్నవాణ్ణి పని లేనివాడంటే ఎలా అని మళ్ళీ లెక్కగట్టాడు. 1936కి లెబర్గాట్ అంకె 16.9 శాతం, డార్బీ అంకె 9.9. అదే ఏడాది, అదే దేశం, అదే జనం. ఒక పద్దు గడి మారితే ఏడు శాతం తేడా వచ్చింది. మా ఆఫీసులో ఇలాంటి తేడా వస్తే ఫైలు పక్కన పెట్టి పాత రిజిస్టర్లన్నీ తెప్పించమంటాం.

లెబర్గాట్ చేసింది తెలివితక్కువ పనేమీ కాదు. ప్రైవేటు వ్యాపారం తన కాళ్ళ మీద నిలబడి ఎంతమందికి పనివ్వగలుగుతోంది అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆయన అంకే సరైనది. జ్వరం తగ్గిందా లేదా అని చూడాలంటే మాత్ర ప్రభావం పోయాకే చూడాలి కదా అంటే కాదనలేను. కానీ ఆ అంకె పట్టుకుని, ఆ పనుల వల్ల ఎవరికీ పని దొరకలేదు అంటే కుదరదు. పని దొరికినవాళ్ళను ముందే తీసేసి చేసిన లెక్క అది.

2011 జనాభా లెక్కలప్పుడు నేను ఊళ్ళో ఉన్నాను. లెక్కలు రాసుకునే ఆయన మా పెద్దమ్మను "ఏమన్నా పని చేస్తారా అమ్మా?" అనడిగాడు. "కరువు పనికి పోతా" అంది. మా వైపు ఉపాధి హామీ అన్న మాట కాగితాల మీదే ఉంటుంది, జనం నోట్లో అది ఇప్పటికీ కరువు పనే. ఆయన నవ్వి, "అది కాదమ్మా, పని" అన్నాడు. పెద్దమ్మ తన చేతుల వంక చూసుకుంది. అప్పుడు నాకూ నవ్వొచ్చింది. లెబర్గాట్ గురించి చదువుతుంటే ఆ చేతులు గుర్తొచ్చాయి.

ఇంకో సంగతి. 1933 నుంచి 1937 దాకా అమెరికా ఉత్పత్తి ఏడాదికి సగటున ఎనిమిది శాతం పైనే పెరిగింది. అంత లోతు నుంచి లేస్తే పెద్ద అంకెలు రావడం సహజం, ఒప్పుకుంటాను. అయినా "పోలా" అన్నది సరికాదు. పోతూ ఉంది. మధ్యలో ఏదో జరిగింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

డబ్బు భద్రంగా ఉందన్న నమ్మకం

మాంద్యం మీద రూజ్వెల్ట్ తెచ్చిన పథకాలన్నిటినీ కలిపి న్యూ డీల్ అంటారు. ఆ మాట అనగానే అందరికీ గుర్తొచ్చేవి కూలి పనులు, ఆనకట్టలు. చదివిన కొద్దీ నాకు అర్థమైంది, మొదటి మలుపు అక్కడ రాలేదని. 1933 మార్చి 4న రూజ్వెల్ట్ ప్రమాణం చేశాడు. రెండు రోజుల్లో దేశంలోని బ్యాంకులన్నిటికీ సెలవు ప్రకటించాడు. 12వ తేదీ ఆదివారం రాత్రి రేడియోలో కూర్చుని, తనిఖీ చేసి బాగున్నవాటినే తెరుస్తున్నాం, మీ డబ్బు పరుపు కింద కంటే అక్కడే భద్రం అని చెప్పాడు. మర్నాడు బ్యాంకులు తెరిస్తే జనం డబ్బు తీయడానికి కాదు, వేయడానికి వరసల్లో నిలబడ్డారు.

ఇది నమ్మశక్యంగా లేదనిపించేవాళ్ళు ఎప్పుడూ సహకార బ్యాంకు ముందు నిలబడి ఉండరు. నేను ఇంటర్ చదివేటప్పుడు మా పక్క టౌనులో ఒక చిన్న బ్యాంకు మీద పుకారు లేచింది. నాన్న పొద్దున్నే బస్సెక్కాడు. మధ్యాహ్నానికి అక్కడ ఐదారొందల మంది చేరారు. సాయంత్రం నాన్న తిరిగొచ్చినప్పుడు చేతిలో సంచీ ఉంది, సంచీలో ఏమీ లేదు. కాఫీ కూడా అడగలేదు. ఆ బ్యాంకు నిజంగా దివాలా తీసిందా, అందరూ ఒకేసారి మీద పడటం వల్ల తీసిందా అన్నది ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు. కూతురి పెళ్ళికి దాచిన డబ్బు ఇరుక్కున్నవాళ్ళు ఆ ఏడాది ఎద్దుల్ని కొనలేదు, ఎరువు అప్పు తెచ్చారు, మా వీధి చివర బట్టల కొట్టు దసరాకు బోసిపోయింది.

అమెరికాలో ఒక్క 1933లోనే నాలుగు వేల బ్యాంకులు మూతపడ్డాయి. డిపాజిట్లకు బీమా 1934 జనవరి 1న, మనిషికి 2,500 డాలర్ల దాకా అని మొదలైంది. ఆ ఏడాది బీమా ఉన్న బ్యాంకుల్లో తొమ్మిదే మూతపడ్డాయి. నాకు నవ్వు తెప్పించిందేమిటంటే, ఈ బీమా రూజ్వెల్ట్‌కు ఇష్టమే లేదు. చెడ్డ బ్యాంకుల తప్పులకు మంచి బ్యాంకులు డబ్బు కట్టాలా అని ఆయన బాధ. కాంగ్రెసు, అంటే అక్కడి పార్లమెంటు, పట్టుబట్టింది. (మన దేశంలో ఇలాంటి బీమా 1962 జనవరి 1న 1,500 రూపాయలతో మొదలైంది. 5 లక్షలైంది 2020లో. నాన్న ఆ వార్త పేపర్లో చూసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.)

బంగారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఔన్సు 20.67 డాలర్లున్న ధరను 1934 జనవరికల్లా 35 చేశారు. యూరప్ నుంచి బంగారం వచ్చిపడింది, దేశంలో డబ్బు చలామణి పెరిగింది. మాంద్యం నుంచి లేవడానికి ముఖ్య కారణం ఈ డబ్బేనని, లోటు బడ్జెట్ల పాత్ర చాలా తక్కువని క్రిస్టినా రోమర్ అనే ఆర్థికవేత్త 1992లో రాసింది. నేను అరుగు మీద చేసిన వాదనకు ఇది పెద్ద దెబ్బ. కూలి పనులే దేశాన్ని లేపాయని నేను బల్ల గుద్ది చెప్పాను మరి. అలా జరగలేదు. అవి అంత పెద్దవి కావు. ఎంత ఖర్చుపెట్టాడని ఈ రోజు తిట్టినా పొగిడినా, ఆ రోజుల్లో కేంద్ర ప్రభుత్వ లోటు జాతీయోత్పత్తిలో ఐదారు శాతానికి మించలేదు. మరోవైపు రాష్ట్రాలు అమ్మకం పన్నులు వేసి, ఖర్చులు కోసి, అందులో కొంత వెనక్కి లాగేశాయి. రూజ్వెల్ట్ కూడా వచ్చిన నెలలోనే ఉద్యోగుల జీతాలు, మాజీ సైనికుల పెన్షన్లు కోశాడు. ఖర్చు మందు పని చేయలేదని కాదు, దాన్ని సరిగా వేసి చూడనే లేదని ఈ. కేరీ బ్రౌన్ అనే ఆర్థికవేత్త 1956లో తేల్చింది ఇందుకే.

గంజి, పార, మాట పడటం

మరి ఆ పనులు ఎందుకు? తిండికి. అంత సాదా కారణం చెబితే వాదనలో గెలవలేమని మనం ఆనకట్టల ఫొటోలు చూపిస్తాం.

1933 నవంబరులో హారీ హాప్కిన్స్ అనే ఆయన చేతికి ఒక తాత్కాలిక పనుల సంస్థను అప్పగించారు. రెండున్నర నెలల్లో 40 లక్షల మందిని పనిలో పెట్టాడు. మన దగ్గర ఒక చెరువు పూడికతీత అంచనా మండలాఫీసు నుంచి జిల్లాకు వెళ్ళి రావడానికి అంత టైము పట్టడం నేను చూశాను. ఎప్పటికో అన్నీ సర్దుకుంటాయని ఎవరో అంటే, జనం తినేది ఎప్పటికో కాదు, రోజూ తింటారు అన్నాడట హాప్కిన్స్. ఆ సంస్థను రూజ్వెల్ట్ 1934 మార్చికల్లా మూయించేశాడు, అలవాటైపోతుందని. 1935 జనవరిలో కాంగ్రెసు ముందు మాట్లాడుతూ ఊరికే ఇచ్చే సాయం మత్తుమందులాంటిదని, మనిషి గుండె దిటవును లోలోపల చంపేస్తుందని అన్నాడు. చదివి పుస్తకం మూసేశాను. అచ్చం బావే! వొళ్ళొంగుద్దా అన్న మాటే తెల్లవాడి ఇంగ్లీషులో ఉంది.

అందుకే ఊరికే ఇవ్వడం మానేసి, ఆ ఏడాదే డబ్ల్యూపీఏ అని ఇంకా పెద్ద పనుల సంస్థ పెట్టాడు. ఎనిమిదేళ్ళలో 85 లక్షల మంది అందులో పని చేశారు. కూలి బయటి కూలి కంటే తక్కువ, ఉత్త సాయం కంటే ఎక్కువ. వాళ్ళ మీద జోకులకు లెక్కే లేదు. పార మీద ఆనుకుని నిద్రపోయేవాళ్ళ బొమ్మలు పత్రికల నిండా. న్యూయార్కులో పని లేనివాళ్ళకు చేతిపనులు నేర్పించడం మీద 1935లో విచారణ జరిగితే, అక్కడ వినపడ్డ బూన్‌డాగుల్ అన్న మాట దండగ పనికి మారుపేరై ఇంగ్లీషులో స్థిరపడిపోయింది. మనకు చెట్టు కింద కూర్చోవడం ఎలాగో, వాళ్ళకు పార మీద ఆనుకోవడం అలాగ.

పని పెట్టి తిండి పెట్టడం మనకేమీ కొత్త కాదు. ధాత కరువులో, 1877-78లో, మద్రాసు నడిబొడ్డున అడయారు, కూవం నదులను కలిపే కాలువ ముక్కను కరువు కూలీలే తవ్వారు. బకింగ్‌హామ్ కాలువలో అది భాగం. మా జిల్లా సముద్రం ఒడ్డున కూడా ఆ కాలువ పోతుంది. అప్పుడు రిచర్డ్ టెంపుల్ అనే దొర, కూలి ఎక్కువైతే జనం అవసరం లేకపోయినా ఎగబడతారని, రోజుకు పౌను ధాన్యం, కొద్ది చిల్లరకు కూలి తగ్గించాడు. మనుషులు మట్టి మోస్తూ మోస్తూ రాలిపోయారు. కూలి ఎంతకు దించితే నిజంగా ఆకలిగలవాడే వస్తాడు అన్న లెక్క అప్పటి నుంచీ ఉంది. దాన్ని సరిగా తేల్చినవాడు నాకు కనబడలేదు.

డబ్ల్యూపీఏ లాంటి పనుల వల్ల లాభమెంతో జిల్లాల వారీగా తవ్విన పరిశోధనలున్నాయి. ప్రైస్ ఫిష్‌బ్యాక్ అనే ఆర్థికవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు చూసింది ఏమిటంటే, సాయానికి, పనులకు తలసరి ఎక్కువ డబ్బు వచ్చిన చోట కొట్లలో అమ్మకాలు పెరిగాయి, పసిపిల్లల చావులు తగ్గాయి, ఆత్మహత్యలు తగ్గాయి. నాకు ఈ ఒక్కటి చాలు. మాంద్యం పోయిందా లేదా అన్నదానికి ఇది జవాబు కాదని తెలుసు. ఇది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నే ముందు అడగాలని నా పట్టుదల.

2020 వేసవిలో లాక్‌డౌన్ పెట్టాక మా ఊరికి బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి ముప్పై నలభై మంది కుర్రాళ్ళు తిరిగొచ్చారు. బీటెక్ చదివిన మా చిన్నాన్న కొడుకు మూతికి తువ్వాలు కట్టుకుని కరువు పనికి పోయాడు. కరోనాకని కట్టుకున్నాడని అందరం అనుకున్నాం. ఎవరూ గుర్తుపట్టకుండా కట్టుకున్నాడని పిన్ని తర్వాత చెప్పింది. ఆ ఏడాది బడ్జెట్లో 61,500 కోట్లున్న ఉపాధి పద్దుకు మే నెలలో ఇంకో 40,000 కోట్లు కలిపారు. ఆ పథకం కొత్తగా పుట్టించాల్సి వస్తే ఆ మే నెలలో అయ్యేదా? జాబ్ కార్డు, మస్టరు, మేటు, అన్నీ అప్పటికే ఉన్నాయి కాబట్టి డబ్బు పంపితే చాలింది. రూజ్వెల్ట్ కూడగట్టింది, కూడగట్టి విప్పేసింది అదే.

అయితే ఇక్కడ ఒక ముల్లుంది. అమెరికాలో తలసరి డబ్బు ఎక్కువ పోయింది పడమటి రాష్ట్రాలకు. అందరికంటే పేదగా ఉన్న దక్షిణాదికి తక్కువ వచ్చింది. ఎన్నికల్లో అటో ఇటో ఊగే రాష్ట్రాలకు ఎక్కువ పోయిందని గావిన్ రైట్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1974లో చూపించాడు. మా ఊళ్ళో మస్టర్లలో ఎవరి పేర్లు ముందుంటాయో తెలిసినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు. కూలి డబ్బులు నెలలు ఆలస్యమైన ఏళ్ళూ చూశాం. పెద్దమ్మ అప్పటిదాకా కొట్లో ఖాతా పెట్టి, వడ్డీ కూడా కట్టింది. కరువు సాయానికి వడ్డీ కట్టడం!

నీలి గద్ద

బావ మాటలో బలమున్న చోటు ఇది. సాయం వేరు, సంస్కరణ వేరు. 1933 డిసెంబరు చివరి రోజున కీన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త ఒక పత్రికలో రూజ్వెల్ట్‌కు బహిరంగ లేఖ రాశాడు. మీరు రెండు పనులు నెత్తికెత్తుకున్నారు, ఒకటి కోలుకోవడం, రెండోది సంస్కరణ, మొదటిదానికి తొందర కావాలి, రెండోది తొందరపడి చేస్తే మొదటిదాన్ని చెడగొట్టవచ్చు అని. ఆయన వేలెత్తి చూపింది ఎన్‌ఆర్‌ఏ అనే పారిశ్రామిక సంస్కరణను.

దాని ఆలోచన ఇది: ధరలు పడిపోతున్నాయి కాబట్టి ఒక్కో పరిశ్రమలో అందరూ కూర్చుని ఇంతకు తగ్గించి అమ్మకూడదు, ఇంతకు తగ్గించి జీతమివ్వకూడదు అని నియమావళి రాసుకోవాలి. ఐదొందలకు పైగా నియమావళులు రాశారు. చేరినవాళ్ళు కొట్టు అద్దం మీద నీలి గద్ద బొమ్మ అతికించుకోవాలి. 1934లో న్యూజెర్సీలో ఒక దర్జీ, సూటు ఇస్త్రీకి 40 సెంట్లు తీసుకోవాల్సింది 35 తీసుకున్నాడని జైల్లో పెట్టారు. పనిలేని రోజుల్లో ఐదు సెంట్లు తగ్గించి ఇస్త్రీ చేసినవాడు నేరస్థుడయ్యాడు. 1935లో బ్రూక్లిన్ కోళ్ళ వ్యాపారుల కేసులో సుప్రీం కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఈ రకం విధానాలు మాంద్యాన్ని ఏళ్ళ తరబడి పొడిగించాయని కోల్, ఓహానియన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో లెక్కగట్టారు. వాళ్ళ అంకె అంతా నేను నమ్మను. కానీ దిశ తప్పని అనలేను. సరుకు తక్కువ తయారుచేయించి ధర పెంచితే పనెక్కణ్ణుంచి వస్తుంది?

పొలం మీద ఇదే చేశారు. పత్తి ధర లేవాలని 1933లో ఎదిగిన చేను, కోటి ఎకరాలు, దున్నించేశారు. చాళ్ళు తొక్కకుండా ఏళ్ళ తరబడి నేర్పిన కంచర గాడిదలు చేను మీద నడవడానికి మొరాయించాయని చెప్పుకుంటారు. 60 లక్షల పందుల్ని, పందిపిల్లల్ని చంపించారు, జనం రొట్టె కోసం వరసల్లో నిలబడి ఉన్నప్పుడు. దున్నినందుకు డబ్బు భూమి ఉన్నవాడి చేతికిచ్చారు. సగం పాలుకు చేసే కౌలుదారుకు వాడి వాటా ఇవ్వాలని కాగితం మీద రాశారు. చేను లేనప్పుడు పాలికాపు ఎందుకని చాలామంది ఆసాములు వాళ్ళను ఇల్లు ఖాళీ చేయించారు. నల్లవాళ్ళూ పేద తెల్లవాళ్ళూ కలిసి అర్కన్సాలో 1934లో కౌలుదార్ల సంఘం పెట్టుకున్నది ఈ దెబ్బకే. ఫిష్‌బ్యాక్ పరిశోధనల్లోనూ ఈ వ్యవసాయ చెల్లింపులు పడిన చోట స్థానిక వ్యాపారానికి లాభం కనపడలేదు. తెలంగాణలో 2018లో రైతుబంధు ఎకరాకు పంటకు నాలుగు వేలని మొదలైనప్పుడు అది పట్టాదారుకే పోయింది, కౌలు రైతుకు రాలేదు. పేపర్లో ఆ గొడవ చదివినవాళ్ళకు అర్కన్సా అంత దూరంగా అనిపించదు.

మనకూ ఆ కాలంలోనే ఒక సంస్కరణ వచ్చింది. వడ్లు, పత్తి, శనక్కాయల ధరలు పడిపోయి, అప్పులు మాత్రం పాత ధరల లెక్కన నిలబడి ఉన్న రోజులు. రాజాజీ ప్రభుత్వం, అందులో మా ప్రకాశం పంతులుగారే రెవెన్యూ మంత్రి, 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 దాకా పేరుకున్న వడ్డీ రద్దు. అసలుకు రెట్టింపు ఇప్పటికే కట్టి ఉంటే అప్పే తీరినట్టు. మా ముత్తాత అప్పు దాంతోనే తీరిందని తాతయ్య చెప్పేవాడు. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పేవాడు: ఆ తర్వాత కోమటి కొట్లో నోటు రాయించుకోవడం మానేశారట, భూమి అమ్మినట్టు దస్తావేజు రాస్తేనే డబ్బు. రెండూ నిజమే అయ్యుంటాయి. పాత అప్పు తీర్చే చట్టం కొత్త అప్పు పుట్టకుండా చేస్తుంది. అలాగని, ఆ చట్టం రాకుంటే మా ముత్తాతకు భూమి మిగిలేదా అంటే, మిగిలేది కాదు.

మందు ఆపిన ఏడాది

ఇప్పుడు 1937. ఉత్పత్తి 1929 మట్టానికి చేరింది. ఆర్థిక మంత్రి మోర్గెంథా బడ్జెట్ సమం చేయాలని పట్టుబట్టాడు. రూజ్వెల్ట్‌కూ లోపల అదే కోరిక. డబ్ల్యూపీఏ పనులు కోశారు. అంతకుముందు ఏడాది మాజీ సైనికులకిచ్చిన బోనసు మళ్ళీ లేదు. వృద్ధుల పెన్షన్ చట్టం కింద జీతాల్లోంచి కోత 1937 జనవరిలో మొదలైంది. నెలనెలా పెన్షన్ ఇవ్వడం మొదలైంది 1940లో. మూడేళ్ళ పాటు పుచ్చుకోవడమే తప్ప ఇచ్చింది కొంచెం. (పొలం కూలీలను, ఇళ్ళల్లో పాచిపని చేసేవాళ్ళను ఆ చట్టం బయటే పెట్టింది, అది ఇంకో వ్యాసం.) మరోవైపు కేంద్ర బ్యాంకు, బ్యాంకులు దాచి ఉంచాల్సిన నిల్వలను మూడు విడతల్లో రెట్టింపు చేసింది. ఏడాది తిరిగేసరికి పారిశ్రామికోత్పత్తి మూడో వంతు పడిపోయింది. నిరుద్యోగం 14 నుంచి 19కి ఎక్కింది. 1938 ఏప్రిల్లో రూజ్వెల్ట్ మళ్ళీ ఖర్చుకు కాంగ్రెసును డబ్బడిగాడు, వేసవి నుంచి మళ్ళీ ఎక్కడం మొదలైంది.

ఇది నా వాదనకు పెద్ద సాక్ష్యమని మొదట సంబరపడ్డాను. తీరా చూస్తే ఒకేసారి రెండు మూడు మందులు ఆపారు. పనులు ఆపడం వల్ల ఎంత, బ్యాంకుల డబ్బు బిగించడం వల్ల ఎంత అన్నది విడదీయలేం. రోమర్ వైపు వాళ్ళు డబ్బంటారు, ఇంకొకరు బడ్జెట్ అంటారు. ఆడిటర్‌గా నేను రాయగలిగింది ఇంతే: ఆపినప్పుడు పడింది, మళ్ళీ మొదలుపెట్టాక లేచింది. ఏ పద్దు వల్లో ఓచర్లు లేవు.

యుద్ధం సంగతికొస్తే, బావ గెలిచానని అనుకునే చోటు ఇదే. యుద్ధంలో ప్రభుత్వం ఏం చేసింది? 1943లో లోటు జాతీయోత్పత్తిలో 30 శాతం దాకా పోయింది. కోటి మందికి పైగా జనాన్ని సైన్యంలోకి తీసుకుని జీతమిచ్చింది, మిగతావాళ్ళతో ఓడలు, విమానాలు చేయించింది. కొన్నది ప్రభుత్వం, జీతమిచ్చింది ప్రభుత్వం. అంతకంటే పెద్ద కరువు పని చరిత్రలో లేదు. ఈ మాట ఫోన్లో అనగానే బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి అందులో చచ్చినోళ్ళను ఏ గళ్ళో రాశారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నిజానికి యుద్ధకాలపు ఆ 2 శాతం కూడా అలాంటి లెక్కే. చక్కెర, టైర్లు, మాంసం కూపన్ల మీద తెచ్చుకుంటూ, కొడుకు పసిఫిక్‌లో ఉన్న ఇంటిని బాగుపడిన ఇల్లు అని రాసుకున్నారు.

ఫోను పెట్టే ముందు అడిగాడు: "సరే, నువ్వు చెప్పినట్టే అనుకుందాం. మనూరి పనులు ఎప్పుడు ఆపాలో చెప్పు. ఏ ఏడు? 1937లో తొందరపడ్డాడన్నావు కదా, మరి ఎప్పుడైతే తొందర కాదు?"

వానలు బాగా పడిన ఏడు మా ఊళ్ళో మస్టరులో పేర్లు వాటంతటవే తగ్గుతాయని, ఎవరూ ఆపాల్సిన పనిలేదని చెప్పబోయాను. పోయినేడు వానలు బాగానే పడ్డాయి, పెద్దమ్మ కోడలు మాత్రం పోతూనే ఉంది, అది గుర్తొచ్చి ఆగాను. బయట ఎక్కడో మోటారు మోత వినపడింది. "త్రీఫేజ్ వచ్చింది, మళ్ళీ పోద్ది, ఉండు" అని ఫోను జేబులో వేసుకున్నట్టున్నాడు. కంది చేలో నడుస్తున్న చప్పుడు కొంతసేపు వినపడి, లైను కట్టయింది.